కరివేపాకు వీరులు

లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చదివినవాళ్లను మీకు నచ్చిన పాత్ర ఎవరని అడిగితే గండాల్ఫ్ అనో ఆరగార్న్ అనో తడుముకోకుండా చెబుతారు. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టినవాళ్లలో ఎవరికి దండ వెయ్యాలని అడిగి చూడండి, అప్పుడు మొదలవుతుంది అసలు తగువు. ఆ తగువుకు పనికొచ్చే విశేషాలు కొన్ని పోగేశాను. పక్క పుస్తకాల్లోంచి కూడా ఒకరిద్దరిని పిలిచాను. నా ఓటు ఎవరికో చివర్లో చెబుతాను. వినగానే సగంమంది మొహం చిట్లిస్తారని తెలుసు.

◆ ముందు, మాయ ఉంగరాన్ని మోసే హాబిట్ ఫ్రోడోకు తోడుగా నడిచిన శామ్ గామ్జీని పోటీలోంచి తప్పించాలి. ఎవరూ పట్టించుకోని వీరుడు అనగానే అందరూ అతని పేరే ఎత్తుతారు. అందరూ ఎత్తే పేరు మరుగున పడ్డట్టు ఎలా అవుతుంది? రచయిత టోల్కీన్ 1951లో రాసిన ఒక పొడవాటి ఉత్తరంలో అతన్నే ప్రధాన నాయకుడన్నాడు. 1916లో సోమ్ యుద్ధరంగంలో టోల్కీన్ సిగ్నల్స్ ఆఫీసరు. అక్కడ తాను చూసిన మామూలు సిపాయిల పోలికలు, ఆఫీసర్ల పనులు చూసిపెట్టే ఆర్డర్లీల పోలికలు శామ్‌లో ఉన్నాయని, వాళ్లు తనకంటే ఎంతో మిన్న అని చెప్పుకున్నాడు. రాసినవాడే ఇంత మెచ్చుకున్నాక మన దండ దేనికి?

◆ శామ్ గురించే ఇంకొక్కటి. 1956లో అచ్చంగా అదే పేరున్న ఒక లండన్ పెద్దమనిషి టోల్కీన్‌కు ఉత్తరం రాశాడు, నా పేరు మీ కథలోకి ఎలా వచ్చిందని. టోల్కీన్ మురిసిపోయి మూడు సంపుటాలూ సంతకం చేసి పంపాడు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు, కథలో ఉంగరం కోసం వెంటపడే గొల్లమ్ అన్న సంతకంతో కూడా ఉత్తరం వస్తుందేమోనని గుబులు పడ్డాడట.

◆ ఫరామిర్‌ను టోల్కీన్ ముందుగా అనుకోనే లేదు. 1944 మేలో కొడుకు క్రిస్టఫర్‌కు రాసిన ఉత్తరంలో, ఇథీలియన్ అడవుల్లోకి ఒక కొత్త మనిషి నడుచుకుంటూ వచ్చేశాడని, తాను అతన్ని కల్పించలేదని, కావాలని కూడా అనుకోలేదని, కానీ నచ్చాడని రాశాడు. పుస్తకంలో ఫరామిర్ ఉంగరానికి ఆశపడడు. 2002 నాటి సినిమాలో మాత్రం ఫ్రోడోను బంధించి తమ సైన్యం దగ్గరికి ఈడ్చుకుపోతాడు. ఈ మార్పుమీద పాఠకుల కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఇంతమంది పక్షాన నిలబడి పోట్లాడుతున్నప్పుడు అతన్నీ మరుగున పడ్డవాడనలేం.

◆ సినిమాల చేతిలో నిజంగా అన్యాయమైపోయినవాడు గ్లోర్ఫిండెల్. కత్తిపోటు తిన్న ఫ్రోడోను తన తెల్ల గుర్రం మీద ఎక్కించి రివెండెల్‌కు చేర్చే ఎల్ఫ్ వీరుడు. 1978 నాటి బొమ్మల సినిమాలో ఆ పని లెగొలాస్‌కు పోయింది. 2001 సినిమాలో ఆర్వెన్‌కు పోయింది. రెండుసార్లూ వేషం దక్కలేదు పాపం. అయితే జాలి వేరు, మెప్పు వేరు.

◆ యోరెత్ అనే ముసలావిడ వాగుడుకాయ. మినాస్ తిరిత్ నగరంలోని వైద్యశాలలో పనిచేసే ఆడవాళ్లలో అందరికన్నా పెద్దది. ఫరామిర్ చావుబతుకుల మధ్య ఉంటే, రాజు చేతులే వైద్యుడి చేతులని పూర్వం అనుకునేవాళ్లని ఆవిడ కన్నీళ్లతో గొణుగుతుంది. గండాల్ఫ్ ఆ మాట పట్టుకుని వెళ్లి, ఆ రాజవంశానికి వారసుడైన ఆరగార్న్‌ను పిలుచుకొస్తాడు. కావలసిన ఆకు ఆథెలాస్. మూలికల పెద్దాయన దానికి ఏ భాషలో ఏ పేరుందో గడగడా అప్పజెబుతాడు గానీ కొట్లో ఒక్క రెమ్మ ఉండదు, దానికి గుణమేమీ లేదని వాళ్ల నమ్మకం. ఆఖరికి బెర్గిల్ అనే కుర్రాడు గుడ్డలో ఆరు ఆకులు మూటగట్టుకుని పరిగెత్తుకొస్తాడు. అవీ రెండు వారాల కిందట కోసినవి. ఆ ఆకులతోనే ఫరామిర్ కళ్లు తెరుస్తాడు. ఈ కథలో ఆసుపత్రి ఘట్టం అంత నిజంగా అనిపించడానికి కారణం ఆ వాగుడే అని నాకు అనిపిస్తుంది.

◆ పక్క పుస్తకంలోకి వెళ్తే, సి. ఎస్. లూయిస్ 1953లో వెలువరించిన సిల్వర్ చెయిర్‌లో పడిల్‌గ్లమ్ ఉన్నాడు. కప్పకాళ్లు, ఏడుపు మొహం, నోరు తెరిస్తే అపశకునం. పాతాళ రాణి నిప్పుల్లో మందుపొడి చల్లి, మత్తుగా వాద్యం వాయిస్తూ, సూర్యుడే లేడని అందరిచేతా ఒప్పిస్తూ ఉంటే ఇతను లేచి వెళ్లి ఉత్తికాళ్లతో ఆ నిప్పుల్ని తొక్కేస్తాడు. కాలిన చర్మం కంపుకు అందరి మత్తూ వదులుతుంది. నీ చీకటి లోకమే నిజమైనా సరే, మేం ఊహించుకున్నదే దానికంటే మేలు అని రాణికి మొహం మీదే చెబుతాడు. లూయిస్ ఇంటి తోటమాలి ఫ్రెడ్ ప్యాక్స్‌ఫర్డ్‌ను చూసి ఈ పాత్రను మలిచాడంటారు. ఆయన కూడా అన్నిటికీ చెడే శంకిస్తూ, పని మాత్రం నమ్మకంగా చేసుకుపోయే రకం.

◆ ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీలో వెచ్ అనే స్నేహితుడు ఉంటాడు. ఆ లోకంలో మనిషి అసలు పేరు తెలిస్తే అతని ప్రాణం మన గుప్పిట్లో ఉన్నట్టే. గెడ్ తన బడాయి వల్ల ఒక చీడ నీడను లోకంలోకి వదిలేసి, మొహం మీద మచ్చలతో, తన మీద తనకే నమ్మకం లేకుండా ఉన్నప్పుడు వెచ్ వచ్చి తన అసలు పేరు చెప్పి వెళ్తాడు. చివర్లో పడవెక్కి గెడ్‌తోపాటు ఎవరూ పోని సముద్రాల దాకా పోతాడు. గెడ్‌ది రాగి రంగు, వెచ్ నల్లనివాడు. 2004లో టీవీ సిరీస్ తీసినవాళ్లు గెడ్ వేషం తెల్లవాడికి ఇస్తే లె గ్విన్ ఆగ్రహిస్తూ వ్యాసం రాసింది. వెచ్‌కు నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ అతను మొదటి పేజీ నుంచీ మంచివాడే. అక్కడే నా ఓటు తటపటాయిస్తుంది.

◆ ఘాన్-బురి-ఘాన్ పేరు గుర్తుందా? అడవి మనుషుల పెద్ద. మినాస్ తిరిత్‌ను శత్రువులు ముట్టడించారు, సాయానికి వస్తున్న రోహన్ రౌతులు వెళ్లే దారిని ఓర్క్ సేన అడ్డగించింది. ఇతను వచ్చి, అందరూ మర్చిపోయిన పాత బండ్ల దారి చూపిస్తానంటాడు. నీకు లెక్క తెలుసా అన్నట్టు రౌతులు అనుమానంగా చూస్తే, చుక్కలు, ఆకులు, చీకట్లో మనుషులు అన్నీ లెక్కపెడతానంటాడు. మీరు ఇరవై ఇరవైలు, అవి పదీ అయిదుసార్లు అని తేలుస్తాడు. గుణించి చూడండి: 6000. సరిగ్గా రోహన్ రౌతులు ఉన్నదీ అంతే. గొప్ప బహుమతి ఇస్తామని రోహన్ రాజు అంటే, మా వాళ్లను మృగాల్లా వేటాడటం ఆపండి చాలు అంటాడు. యుద్ధమయ్యాక ఆరగార్న్ ఆ అడవిని వాళ్లకే శాశ్వతంగా వదిలేసి, వాళ్ల అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదని చాటిస్తాడు. ఇతను సినిమాలో లేడు. మరుగున పడటంలో ఇతన్ని మించినవాళ్లు తక్కువ.

◆ బిల్ అనే పొట్టి గుర్రానికి ఓటేసేవాళ్లూ ఉన్నారు, నవ్వకండి. బ్రీ ఊళ్లో పన్నెండు వెండి నాణేలకు కొన్న బక్కచిక్కిన జీవం. విలువకు మూడింతల ధర. మోరియా గుమ్మం దగ్గర విడిచిపెడితే తోడేళ్లను తప్పించుకుని ఒంటరిగా బ్రీకి తిరిగొచ్చింది. ఇంటికెళ్లే దారిలో, ఒకప్పుడు తన కడుపు మాడ్చిన యజమాని ఎదురుపడితే వెనక్కాలితో ఒక్కటిచ్చుకుంది.

◆ ఇప్పుడు గట్టి అభ్యర్థి. ఫ్యాటీ బోల్జర్, అసలు పేరు ఫ్రెడెగార్. ఫ్రోడోతో శామ్, మెర్రీ, పిప్పిన్ బయల్దేరితే ఇతను నేను రానన్నాడు. పాత అడవి పేరు వింటేనే వణుకు. ఫ్రోడో ఇంకా ఇంట్లోనే ఉన్నాడని ఊరిని నమ్మించడానికి, ఫ్రోడో పాత బట్టలు తొడుక్కుని క్రిక్‌హాలోలో ఉండటానికి మాత్రం ఒప్పుకున్నాడు. కొద్దిరోజులకే ఒక రాత్రి ఆ ఇంటి ముందుకు ఫ్రోడో కోసం వెతికే నల్ల రౌతులు వచ్చారు. వాళ్లు తలుపు విరగ్గొట్టేసరికి ఫ్యాటీ పెరటి తలుపు తీసుకుని, తోట దాటి, పొలాలకు అడ్డంపడి మైలుకు పైగా పరిగెత్తి, మొదట కనిపించిన ఇంటి గడప మీద కూలబడ్డాడు. ఏం వాగుతున్నాడో కాసేపటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఏదో ఘోరం జరిగిందని ఆ ఇంటివాళ్లు గ్రహించి కొమ్ము ఊదారు. బ్రాండీవైన్ నది గడ్డకట్టి తెల్ల తోడేళ్లు ఊరి మీద పడ్డప్పుడు ఊదిన కొమ్ము అది. మళ్లీ నూరేళ్ల దాకా మోగలేదు. ఊళ్లు ఊళ్లే లేచాయి, రౌతులు పారిపోయారు. తర్వాత హాబిట్ల సీమ అయిన షైర్‌ను దౌర్జన్యపరులు ఆక్రమించుకున్నప్పుడు, కదలడానికే భయపడ్డ ఈ మనిషే కొండల్లో తిరుగుబాటు దళాన్ని నడిపాడు. పట్టుబడి లాక్‌హోల్స్ జైల్లో పడ్డాడు. విడిపించేనాటికి ఆ లావంతా కరిగిపోయి నడవలేకపోతే మోసుకొచ్చారు.

◆ ఇంత చెప్పీ నా ఓటు ఫ్యాటీకి కాదు. లోబీలియా శాక్విల్-బ్యాగిన్స్‌కు.

చిట్లించారుగా మొహం? న్యాయమే. ఫ్రోడోను చేరదీసిన బిల్బో ఒకప్పుడు ప్రయాణానికి వెళ్లి తిరిగిరాకముందే అతని ఇల్లు కొట్టేద్దామని చూసిన బంధువు ఈవిడ. అప్పుడే బోలెడు వెండి చెంచాలు మాయమయ్యాయి. బిల్బో అనుమానం ఆవిడ మీదే. అందుకే 111వ పుట్టినరోజు నాడు ఊరు విడుస్తూ, వెండి చెంచాల పెట్టె ఒకటి ఆవిడ పేరు రాసి పెట్టి వెళ్లాడు. ఎత్తిపొడుపు ఆవిడకు అర్థమైంది. పెట్టె మాత్రం వదల్లేదు. మర్నాడు ఇల్లంతా కలియదిరిగి వెళ్లిపోతుంటే ఆవిడ గొడుగులోకి జారిన చిన్నచిన్న విలువైన వస్తువుల్ని ఫ్రోడో బయటికి తీయించాల్సి వచ్చింది. ఊళ్లో ఒక్కరికీ ఆవిడంటే గిట్టదు. రచయితకూ గిట్టదు, చదివే మనకూ గిట్టదు.

చివరికి ఫ్రోడో నుంచి ఆ ఇల్లు కొనుక్కుంది. కొడుకు లోథో షైర్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకోబోయి, తన కంటే పెద్ద దుర్మార్గుడైన సరుమాన్ చేతికి చిక్కాడు. షెడ్లు వేయడానికని దౌర్జన్యపరులు పెద్ద బండితో ఆవిడ ఇంటి సందులోకి వస్తుంటే, వందేళ్లు దాటిన ఆ ముసలావిడ దారికి అడ్డం నిలబడింది. ఎవరు పంపారో తెలుసా అంటే, ఎవరైతే నాకేం అని గొడుగెత్తి, తనకు దాదాపు రెండింతలున్న వాళ్ల నాయకుడి మీదికి దూకింది. ఈడ్చుకెళ్లి జైల్లో పెట్టారు.

అదే గొడుగు. అప్పుడు ఆ చిన్న వస్తువులు జారిన గొడుగో కాదో పుస్తకం చెప్పదు గానీ, నేను అదే అనుకుంటాను.

విడుదలైన రోజున చిక్కిపోయి ఉంది. అయినా ఎవరూ మోయనక్కర్లేదని ఫ్రోడో చెయ్యి ఆసరాగా, గొడుగు పట్టుకునే కుంటుకుంటూ బయటికి నడిచింది. జనం చప్పట్లు కొట్టారు, కేకలు వేశారు. జీవితంలో తొలిసారి తనను మెచ్చుకున్నందుకు కళ్లనీళ్లు పెట్టుకుంటూ బండెక్కింది. లోథోను చంపేశారన్న వార్త ఆవిడను కుంగదీసింది. ఇన్నేళ్లు పోట్లాడి సంపాదించుకున్న ఇల్లు ఫ్రోడోకే తిరిగి ఇచ్చేసి పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాతి వసంతంలో కన్నుమూసింది. తన డబ్బు, కొడుకు డబ్బు మిగిలిందంతా, ఇళ్లు పోగొట్టుకున్న హాబిట్ల కోసం వాడమని ఫ్రోడోకే రాసి పెట్టింది.

కొడుకు చేసిన పాపంలో ఆవిడకూ వాటా ఉంది కదా అనొచ్చు. ఉంది, కాదనను. అందుకే ఆ వీలునామా నాకు అంత ముఖ్యం: వాటా ఉన్న మనిషి, ఎవరూ అడగకుండా తన వంతు చెల్లించుకుంది. ఘాన్‌కు తన జనం ఉన్నారు, వెచ్‌కు స్నేహం ఉంది, ఫ్యాటీకి మిత్రులకిచ్చిన మాట ఉంది. లోబీలియా వెనక ఎవరూ లేరు, ఒక్క మంచిమాట కూడా లేదు. 2003 సినిమా ఈ అధ్యాయాన్ని పూర్తిగా ఎత్తేసింది కాబట్టి, తెర మీద మాత్రమే చూసినవాళ్లకు ఈవిడ తెగువ సంగతి తెలియదు.

ఒప్పుకోనివాళ్లు ఫ్యాటీకే వేసుకోవచ్చు, రెండో ఓటు ఉంటే నాదీ అతనికే. ఆ ఇద్దరూ ఒకే జైల్లోంచి బయటపడ్డవాళ్లే: ఒకరిని మోసుకొచ్చారు, ఇంకొకరు మోయనివ్వలేదు.