బల్ల రంపం వాడే పట్టు రైతులకు జాగ్రత్తలు

కొమ్మమేపు పద్ధతి వచ్చిన తరువాత పట్టు రైతుకు తట్టల పని తగ్గి, స్టాండ్ల పని పెరిగింది. 5 అడుగుల వెడల్పుతో, అంతస్తుకూ అంతస్తుకూ 2 అడుగుల ఎడంతో కట్టే ఈ స్టాండ్లను కోలారు, చింతామణి, శిడ్లఘట్ట, హోసూరు, కృష్ణగిరి వైపు ఇంటి దగ్గరే చేసుకునే రైతులున్నారు. నీలగిరి, సిల్వర్ ఓక్, సరుగుడు వంటి కర్ర పొలం గట్టునే దొరుకుతుంది. వడ్రంగి కూలి మిగులుతుంది. పంటకూ పంటకూ మధ్య దొరికే తీరిక సద్వినియోగం అవుతుంది.

ఇందుకోసం కొందరు బల్ల రంపం, అంటే వడ్రంగులు టేబుల్ సా అనీ కటింగ్ మిషను అనీ పిలిచే యంత్రాన్ని కొంటున్నారు, లేదా వెల్డింగు షాపులో చేయించుకుంటున్నారు. మంచి పనిముట్టే. కాని పట్టు పని యావత్తూ వేళ్ళతో చేసే పని. ఆకు కోయాలన్నా, పండు పురుగులను ఏరి చంద్రికలకు ఎక్కించాలన్నా, గూళ్ళు విడిపించాలన్నా వేళ్ళే ఆధారం. ఒక్క బొటనవేలు పోతే ఆ తరువాత ఏ పంటా మునుపటిలా చేయలేము. అందువల్ల స్విచ్చి నొక్కక ముందే ఒక ప్రశ్న వేసుకోవాలి: కోత ముగిసే క్షణంలో నా రెండు చేతులూ ఎక్కడ ఉంటాయి? దీనికి జవాబు తెలియకుండా యంత్రం ఆన్ చేయవద్దు.

ప్రమాదం ఎలా జరుగుతుంది?

12 అంగుళాల బ్లేడు నిమిషానికి 2800 చుట్లు తిరిగితే దాని పళ్ళు గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. చెయ్యి తగిలిన తరువాత వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

చెయ్యి బ్లేడుకు తగలడానికి ముఖ్యంగా రెండు కారణాలు. మొదటిది, కోత చివరికి వచ్చినప్పుడు ముక్క పొట్టిదై, దానిని తోసే వేళ్ళు బ్లేడు దగ్గరకు చేరడం. రెండవది, చెక్క ఎదురు తన్నడం. బ్లేడు ముందు భాగంలోని పళ్ళు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమి కోస్తాయి. వెనక భాగంలోని పళ్ళు పైకి లేస్తాయి. కోసిన చెక్క వంకరపోయి వెనక పళ్ళను పట్టుకుంటే, అవి ఆ చెక్కను పైకెత్తి నిలబడ్డ మనిషి మీదికి విసురుతాయి. చెక్క ఒక్కసారిగా కదిలిపోయేసరికి దాని మీద ఆనించిన చెయ్యి జారి బ్లేడు మీద పడుతుంది.

నీలగిరి కర్ర విషయంలో ఇది మరీ జాస్తి. ఆ చెట్టు పెరిగేటప్పుడే కాండంలో బిగువు ఏర్పడుతుంది. కోస్తుండగానే రెండు సగాలు ఎడంగా విచ్చుకోవడమో, దగ్గరకు మూసుకుని బ్లేడును బిగించడమో జరుగుతుంది. పచ్చి కర్రను, గుండ్రటి దుంగను బల్ల రంపం మీద పెట్టవద్దు. దుంగలను సా మిల్లులో పలకలుగా కోయించి, నీడలో ఎడం ఎడంగా పేర్చి ఆరబెట్టిన తరువాతనే ఇంట్లో కోసుకోవాలి.

యంత్రానికి ఉండవలసినవి

1. బ్లేడు మీద గార్డు ఉండాలి. పని కనబడటం లేదని గార్డును తీసి మూల పెట్టడం సరికాదు.

2. బ్లేడు వెనక దాని వరుసలోనే నిలిచే ఉక్కు రేకు ఉండాలి. దీనిని రివింగ్ నైఫ్ అంటారు. కోసిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడును పట్టుకోకుండా ఇది అడ్డుకుంటుంది. దీని మందం బ్లేడు రేకు మందం కంటె ఎక్కువగా, పళ్ళు కోసే గాడి వెడల్పు కంటె తక్కువగా ఉండాలి. బల్ల మట్టం దగ్గర బ్లేడుకూ దీనికీ ఎడం 8 మిల్లీమీటర్లు మించకూడదు. ఊళ్ళో చేయించిన యంత్రానికి ఇది లేకపోతే అదే వెల్డింగు షాపులో అమర్చమని అడగండి.

3. చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ, అంటే ఫెన్సు, బ్లేడుకు సమాంతరంగా ఉండాలి. వెనకవైపు బ్లేడుకు దగ్గరగా జరిగి ఉంటే చెక్క ఇరుక్కుని ఎదురు తన్నుతుంది. ముందూ వెనకా టేపుతో కొలిచి చూసుకోండి.

4. బ్లేడు పళ్ళు చెక్క పైకి పావు అంగుళం కనబడితే చాలు. అంతకంటె పైకి లేపితే కోత మెరుగుపడేది లేదు, ప్రమాదమే పెరుగుతుంది.

5. పదును పోయిన బ్లేడుతో చెక్కను బలంగా నెట్టవలసి వస్తుంది. బలంగా నెట్టే చెయ్యే జారుతుంది. బ్లేడుకు సకాలంలో సాన పట్టించండి. పాత తలుపులు, పెట్టెల చెక్క వాడేటప్పుడు మేకులన్నీ పీకివేయండి.

చర్మం తగలగానే క్షణంలో ఆగిపోయే రంపాలు అమెరికాలో 2004 నుంచి అమ్మకంలో ఉన్నాయి. మన ఊళ్ళలో చేయించుకునే యంత్రాలకు ఆ ఏర్పాటు ఉండదు కాబట్టి గార్డూ, రివింగ్ నైఫూ తప్పనిసరి.

మరొక హెచ్చరిక. రాయి కోసే కట్టరును బల్ల కింద తలకిందులుగా బిగించడం, గ్రైండరుకు చెక్క కోసే బ్లేడు తగిలించడం కొన్నిచోట్ల అలవాటు. ఈ చిన్న యంత్రాల వేగం బల్ల రంపం కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రతి బ్లేడు మీదా అది తట్టుకోగల గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది. దానికి మించి తిప్పితే బ్లేడే పగిలి ఎగరవచ్చు. ఈ పద్ధతి పూర్తిగా మానుకోవాలి.

కోసే పద్ధతి

నిలువు కోతలో చెక్కను ఫెన్సుకు ఆనించి నెమ్మదిగా తోయాలి. బ్లేడుకు ఎదురుగా కాక కొంచెం పక్కకు నిలబడాలి. చేతులు ఎప్పుడూ బ్లేడుకు 6 అంగుళాల దూరంలో ఉండాలి. కోత చివరి అడుగులో చేతితో కాకుండా తోపుడు కర్రతో తోయాలి. ఒక కొసన గాడి చెక్కిన, కనీసం అడుగున్నర పొడవున్న కర్ర ఇందుకు సరిపోతుంది. రెండు మూడు చేసి యంత్రానికే తగిలించి ఉంచితే వెతుక్కునే పని ఉండదు. పొడవైన పలకలు కోసేటప్పుడు అవతల ఉన్న మనిషి పలకను మోయాలే గాని లాగకూడదు.

అడ్డ కోతకు చెక్కను జారుడు గేజికి ఆనించి తోయాలి. గేజికీ ఫెన్సుకూ రెండింటికీ ఆనించి ఎప్పుడూ కోయరాదు. తెగిన ముక్క బ్లేడుకూ ఫెన్సుకూ మధ్య చిక్కుకుని రాయిలా వచ్చి తగులుతుంది. స్టాండుకు ఒకే కొలత ముక్కలు చాలా కావాలి కాబట్టి ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. దీనికి ఉపాయం ఉంది. ఫెన్సుకు బ్లేడు కంటె బాగా ముందుగా, మీవైపున ఒక చెక్క దిమ్మె బిగించండి. దానికి ఆనించి కొలత పెట్టుకుని, చెక్కను గేజితో ముందుకు తోయండి. చెక్క బ్లేడును చేరేసరికి దిమ్మెను వదిలేసి ఉంటుంది. అన్ని ముక్కలూ ఒకే కొలతకు వస్తాయి, ఇరుక్కునే ఇబ్బంది ఉండదు.

తెగిన చిన్న ముక్కలను బ్లేడు తిరుగుతుండగా చేతితో తీయవద్దు. స్విచ్చి ఆపిన తరువాత కూడా బ్లేడు కొంతసేపు తిరుగుతుందని మరవవద్దు.

కరెంటు, స్టార్టరు

బోరు మోటారు స్టార్టరు సంగతి రైతులందరికీ తెలుసు. కరెంటు పోతే అది పడిపోతుంది, వచ్చిన తరువాత మళ్ళీ పచ్చ బటను నొక్కాలి. రంపానికి కూడా అటువంటి స్టార్టరే ఉండాలి. మామూలు స్విచ్చితో నడిపితే, కరెంటు పోయినప్పుడు ఆపడం మరచి బ్లేడు దగ్గర చెయ్యి పెట్టిన సమయంలోనే కరెంటు రావచ్చు. బోరుకు వాడే ఆటో స్టార్టరును రంపానికి వాడరాదు. ఎర్ర బటను మోకాలితోనైనా నొక్కగలిగే చోట ఉండాలి. ఎర్తింగు తప్పనిసరి. బ్లేడు మార్చేటప్పుడు మెయిను తీసివేయాలి.

మనిషికి సంబంధించిన జాగ్రత్తలు

భుజాన తువాలు, వేలాడే చొక్కా చేతులు, చేతి గాజులు, ఉంగరాలు ఉండకూడదు. చీర కొంగు నడుముకు బిగించాలి. చేతి తొడుగులు వేసుకోవద్దు, బ్లేడు వాటిని పట్టుకుంటే చేతిని కూడా లోపలికి లాగుతుంది. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు మాత్రం అవసరం. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు.

పురుగు మేసే ఆకులో అత్యధిక భాగం చివరి జ్వరం లేచిన తరువాతి వారం రోజుల్లోనే మేస్తుంది. ఆ రోజుల్లో రైతుకు నిద్ర ఉండదు. ఆ అలసటతో రంపం ముందు నిలబడవద్దు. అలాగే రేపు చాకీ పురుగులు వస్తాయనగా ఈ రాత్రి స్టాండు ముగించాలని కూర్చోవద్దు. త్రీ ఫేజు కరెంటు అర్ధరాత్రి వస్తే బోరు వేసుకోండి, రంపం వద్దు. రెండు స్టాండ్లు తక్కువైతే ఆ పంటకు గుడ్లు తగ్గించి తెచ్చుకోవచ్చు.

వడ్రంగి పని ముగించి, రంపపు పొట్టు పూర్తిగా ఊడ్చిన తరువాతనే గదిని, స్టాండ్లను శుద్ధి చేయాలి. పురుగులు ఉండగా షెడ్డులోగాని, పక్కనగాని రంపం నడపవద్దు. చెదల మందు పూసిన చెక్కను స్టాండ్లకు వాడితే పురుగులు చనిపోవచ్చు.

దెబ్బ తగిలితే

శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీపొడి, సున్నం వేయరాదు. వేలు తెగిపోతే దానిని తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచు వేసిన నీళ్ళలో ఉంచాలి. వేలును నేరుగా మంచుగడ్డ మీద పెట్టకూడదు. వెంటనే 108కి ఫోను చేయండి. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడింటా ఇదే నంబరు. తెగిన వేలు సంగతి ఫోనులోనే చెప్పి, దానిని అతికించే సౌకర్యం ఉన్న ఆసుపత్రికే చేర్చమని అడగండి. ఎంత త్వరగా చేరితే వేలు దక్కే అవకాశం అంత ఎక్కువ.

స్టాండ్ల కొలతలు, గది శుద్ధి వివరాలకు మీ దగ్గరలోని పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రంలో విచారించండి. అక్కడికి వెళ్ళే లోగా రెండు తోపుడు కర్రలు చేసి రంపానికి తగిలించండి.