పంచదార: కంట్రోలు లేని 16 నెలలు

పంచదారపై కంట్రోలు ఎత్తేస్తే ఎవరికి లాభం? 1978 ఆగస్టులో కేంద్రం ధర, పంపిణీ కంట్రోళ్లు రెండూ తొలగించింది. 1977-78 ఉత్పత్తి సుమారు 65 లక్షల టన్నులు. మిగులు సరుకు మార్కెట్లో పడి ధర దిగజారింది. వాడకందార్లు సంతోషించారు. మిల్లుల వద్ద చెరకు బాకీలు పేరుకున్నాయి; రైతులు సాగు తగ్గించారు. అనావృష్టి తోడై, 1979-80లో ఉత్పత్తి 39 లక్షల టన్నులకు పడిపోయింది. ధర మండింది. 1979 డిసెంబరులో పాక్షిక కంట్రోలు తిరిగి వచ్చింది.

చెరకు ఏడాది పంట. ఈ ఏటి ధర చూసి రైతు నాటేది వచ్చే ఏటి సరుకు. రైతు సొమ్ము సకాలంలో అందనిదే స్వేచ్ఛా విపణి నిలకడగా సాగదు. మిల్లులపై లెవీ 2013లో రద్దయింది. చెరకు కనీస ధర మాత్రం నేటికీ కేంద్రమే నిర్ణయిస్తోంది.