ద్విబంధము: దాని గుణములు

కర్బన పరమాణువునకు నాలుగు చేతులున్నట్లు భావింపుడు. ఈథేను అణువులో రెండు కర్బనములు ఒక్కొక్క చేయి కలుపుకొని, మిగిలిన మూడేసి చేతులతో ఉదజని పరమాణువులను పట్టుకొనియుండును. ఇథిలీనునందు అవి రెండేసి చేతులు కలుపుకొనును. ఇదియే ద్విబంధము. ఇట్టి బంధముగల హైడ్రోకార్బనులను ఆల్కీనులందురు.

ఈ రెండు బంధములును సమానములు కావు. సిగ్మా యనబడు మొదటి బంధము కర్బనముల నడుమ సూటిగా ఏర్పడును, అది దృఢమైనది. గ్రీకు అక్షరమగు 'పై' పేరున పిలువబడు రెండవది ఆ రేఖకు ఇరుప్రక్కల పరచుకొనియుండును, అది బలహీనము. ఏకబంధమును తెంచుటకు మోలునకు సుమారు 348 కిలోజౌళ్ల శక్తి కావలెను. ద్విబంధమునకు దానికి రెట్టింపు పట్టదు, సుమారు 614 మాత్రమే.

ఆల్కీనుల చురుకుదనమునకు ఈ బలహీనతయే కారణము. ఎరుపు గోధుమవన్నె గల బ్రోమిను ద్రావణములోనికి ఇథిలీనును పంపినచో రంగు మాయమగును. రెండవ బంధము విడివడి, ప్రతి కర్బనమును ఒక బ్రోమిను పరమాణువును గ్రహించును. ఉన్నదేదియు తొలగిపోక క్రొత్తది వచ్చి చేరుటచే దీనిని సంకలన చర్య యందురు. ఇథిలీను అణువులు ఈ విధముగనే తమలో తాము వేలకొలదిగా కలిసినపుడు పాలిథీను ఏర్పడును.

వంటనూనెల అణువులు ఆల్కీనులు కాకున్నను, వాని పొడవైన గొలుసులలో ఈ ద్విబంధమే కలదు. దాని చుట్టు పరమాణువులు స్వేచ్ఛగా తిరుగజాలవు. కావున గొలుసు రెండు కొసలును ద్విబంధమునకు ఒకే ప్రక్కనున్న రూపము 'సిస్'. ఎదురు ప్రక్కలనున్న రూపము 'ట్రాన్స్'. సహజముగా నూనెలలో నుండు సిస్ గొలుసు వంగియుండును. అట్టి అణువులు దగ్గరగా పేరుకొనలేవు గనుక నూనె ద్రవముగా నుండును.

నికెలు సమక్షమున నూనెకు ఉదజనిని చేర్చి గడ్డకట్టు వనస్పతిని చేయుదురు. ఈ చర్యను సగములో ఆపినచో, మిగిలిన ద్విబంధములలో కొన్ని ట్రాన్స్ రూపము దాల్చును. ఈ ట్రాన్స్ కొవ్వు రక్తమునందలి చెడు కొలెస్టరాలును పెంచి గుండెజబ్బునకు దారితీయును. అందుచేతనే మన దేశమున 2022 జనవరి నుండి నూనెలలోను, కొవ్వులలోను దానిని నూటికి 2 పాళ్లకు మించనీయరాదని నియమము విధించిరి.

విద్యార్థులారా! ఇంటికి వచ్చిన వనస్పతి, బిస్కత్తు పొట్లముల మీద ట్రాన్స్ కొవ్వు ఎంతయని వ్రాసియున్నదో చూచి, మీ తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు. ఆ అంకె వెనుకనున్న రసాయన శాస్త్రమునుగూడ వారికి మన తెలుగుననే వివరింపుడు.