బొగ్గు యార్డులో పిల్లల కేరింతలు!

కాస్త ఎండ కాసిందంటే చాలు... పిల్లలంతా అక్కడికే పరుగు తీస్తారు. నేలలోంచి ఒక్కసారిగా పైకి చిమ్మే వెయ్యికి పైగా నీటిధారలు, వాటి మధ్య తడిసి ముద్దవుతూ కేరింతలు. పక్కనే కాలువ మెట్లమీద కబుర్లలో పడ్డ అమ్మానాన్నలు. లండన్‌లోని గ్రానరీ స్క్వేర్ ఇది. 1990ల్లో అయితే పిల్లల సంగతి అటుంచి, చీకటి పడ్డాక పెద్దవాళ్లే అటువైపు వెళ్లడానికి జంకేవారు. ఎందుకంటే అప్పుడది రైల్వే వాళ్లు వాడటం మానేసిన గూడ్సు యార్డు!

గోధుమలు... బొగ్గు...

కింగ్స్ క్రాస్ స్టేషన్ 1852లో మొదలైంది. దాని వెనక భాగమంతా సరకుల యార్డే. లింకన్‌షైర్ గోధుమల కోసం లూయిస్ క్యూబిట్ ఆరంతస్తుల గోదాము కట్టాడు. ఉత్తరాది గనుల బొగ్గు వ్యాగన్లను ఎత్తైన పట్టాలమీద నిలిపి, అడుగు నుంచి కింది తొట్లలోకి వదిలేవారు. ఆ షెడ్లకు 'కోల్ డ్రాప్స్' అన్న పేరు అలా వచ్చిందే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సరకులు రైళ్లనుంచి లారీలకు మళ్లాయి. యార్డు మూగబోయింది. పాడుబడ్డ షెడ్లు, పిచ్చిమొక్కలు, మత్తుమందుల బేరాలతో ఆ ప్రాంతానికి చెడ్డపేరు మిగిలింది.

ఆ స్థలాన్ని మొదట గుర్తించింది పెద్ద కంపెనీలు కాదు, చుట్టుపక్కల జనం. రీజెంట్స్ కాలువ పక్కన రెండెకరాల పాత బొగ్గు స్థలాన్ని వాహనాలు నిలపడానికి ఇవ్వబోతే వాళ్లు ససేమిరా అన్నారు. పోరాడి 1985లో దాన్ని కామ్లీ స్ట్రీట్ ప్రకృతి పార్కుగా మార్పించుకున్నారు. నగరం నడిబొడ్డున చెరువు, చెట్లు, పిట్టలు!

దశ తిరిగిందిలా...

మిగిలిన భూమిలో భారీగా ఆఫీసులు కట్టాలని 1980ల చివర్లో ఒక ప్రణాళిక వేశారు. స్థిరాస్తి ధరలు పడిపోవడంతో అది మూలన పడింది. యూరప్ వెళ్లే రైళ్లను పక్కనే ఉన్న సెయింట్ పాంక్రాస్‌కు తేవాలని 1996లో నిర్ణయించాక యార్డుకు మళ్లీ విలువ వచ్చింది. ఆర్జెంట్ అనే సంస్థ ఏళ్ల తరబడి స్థానికులతో, కౌన్సిల్‌తో చర్చించి 2006లో 67 ఎకరాలకు అనుమతి సంపాదించింది. పాతవన్నీ కూల్చేసి అద్దాల మేడలు లేపలేదు. గోధుమల గోదాములోకి 2011లో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాల వచ్చింది. మరుసటి ఏడాది గ్రానరీ స్క్వేర్ తెరిచారు. పాత గ్యాస్ ట్యాంకు ఇనుప చట్రం ఒకటి 2015లో పార్కు అయింది, మరో మూడింటి లోపల ఫ్లాట్లు వెలిశాయి. బొగ్గు షెడ్లు 2018లో దుకాణాలయ్యాయి. మొత్తం స్థలంలో దాదాపు 40 శాతాన్ని వీధులకు, పార్కులకు, కూడళ్లకు వదిలారు.

చోటు ఎవరిది?

అంతా బాగానే ఉందా అంటే... లేదు. తక్కువ ఆదాయం వారికోసం మొదట ఒప్పుకున్న ఇళ్ల సంఖ్యను తర్వాత తగ్గించారు. అందరూ తిరిగే ఆ కూడళ్లు ప్రైవేటు యాజమాన్యంలోనే ఉన్నాయి. వచ్చిపోయేవారి ముఖాలను గుర్తుపట్టే కెమెరాలను 2016-18 మధ్య అక్కడ వాడారన్న విషయం 2019లో బయటపడి పెద్ద దుమారమే రేగింది. ప్రాజెక్టులో తనకున్న 36.5 శాతం వాటాను బ్రిటన్ ప్రభుత్వం 2016లో 37.1 కోట్ల పౌండ్లకు ఓ ఆస్ట్రేలియా పింఛను నిధికి అమ్మేసింది. ఖజానాకు డబ్బొచ్చింది. ఆ భూమిలో ప్రజల తరఫున ఉన్న వాటా మాత్రం పోయింది.

మనకూ ఇది పట్టాల్సిన సంగతే. ఖాళీ రైల్వే భూములను వ్యాపార అవసరాలకు ఇచ్చేందుకు మన దేశంలోనూ 2005లో చట్టాన్ని సవరించి, ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టారు. మన ఊళ్లో స్టేషన్ పక్క స్థలానికి టెండరు పిలిచినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కింగ్స్ క్రాస్‌లోనే ఉన్నాయి. ఇళ్లు ఎవరికి? కూడలి ఎవరి చేతిలో? పాత కట్టడం నిలుస్తుందా? పిల్లలు ఆడుకునే చోటెంత? సంతకాలు అయ్యాక అడిగితే జవాబు చెప్పేవారుండరు. ముందే అడగాలి. కామ్లీ స్ట్రీట్ జనం చేసింది అదే!