విడిచి విడిచి వచ్చు లోపము

ఎల్లప్పుడును చెడియుండు యంత్రమును బాగుచేయుట అంత కష్టము కాదు. ఒకనాడు చెడి, మఱునాడు ఏమియు నెఱుగనట్లు పనిచేయు యంత్రమే మన యోర్పును పరీక్షించును. అట్టి లోపమును కనిపెట్టు విధమును, మాకు జరిగిన యొక యనుభవము మూలమున, ఇచట వివరింపదలచితిమి.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునుండి తార్నాకకు పోవు దారిలో ఒక చిన్న కార్యాలయమున మేము కొంతకాలము పనిచేసితిమి. అచట నొక సర్వరు కలదు. సర్వరనగా పలువురకు ఒకేసారి సేవచేయు కంప్యూటరు. అది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి యారంభించిన లినక్సుపై నడచుచుండెను. నల్లని తెరపై ఒక పంక్తిలో ఆజ్ఞ వ్రాసినచో, అది పనిచేయును. 'క్రాన్' అను ప్రోగ్రాము గడియారమును చూచుకొని, నియమించిన వేళకు ఆ యాజ్ఞలను తానే నడపును. రాత్రి 2 గంటలకు మొదటి ప్రోగ్రాము ఆనాడు వచ్చిన విద్యార్థివేతనపు దరఖాస్తులను ఒక ఫైలులో వ్రాయును. 2 గంటల 30 నిమిషములకు రెండవ ప్రోగ్రాము ఆ ఫైలును చదివి జాబితా తయారుచేయును.

ఒక యుదయమున ఒక తల్లి రసీదు చేతబట్టుకొని వాకిట నిలిచియుండెను. ఆమె కుమార్తె పేరు జాబితాలో లేదు. సర్వరు మాత్రము పని జయప్రదముగ ముగిసినదని వ్రాసియుండెను. మేము ఆ బాలిక పేరును చేతితో చేర్చితిమి. కాని ఏ బిడ్డల తల్లులు రాలేదో ఆ బిడ్డల సంగతి యేమి? ఈ చింత మమ్ము వదలలేదు.

మొదట సర్వరును ఆపి మరల నడిపితిమి. తొమ్మిది రాత్రులు ఏ కొఱతయు లేదు. లోపము తొలగినదని సంతసించితిమి. పదవనాడు మరల పేర్లు తప్పిపోయెను.

అప్పుడు మాకు చలిజ్వరము జ్ఞప్తికి వచ్చినది. అదియును విడిచి విడిచి వచ్చునదే. పూర్వులు అది చెడుగాలివలన కలుగునని తలచిరి. రొనాల్డ్ రాస్ అను వైద్యుడు మన సికిందరాబాదులో దోమలను కోసి పరీక్షించి, 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన పేరిట ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి సంస్థ బేగంపేటలో కలదు. జ్వరము విడిచినది గదా యని ఊరకుండువారికి ఆ కారణము దొరకియుండునా?

కాబట్టి మేమొక పుస్తకము తెఱచితిమి. ప్రతి రాత్రియు ప్రోగ్రాము మొదలైన వేళ, ముగిసిన వేళ, దరఖాస్తుల సంఖ్య, ముగింపు సంఖ్య వ్రాసితిమి. ప్రతి ప్రోగ్రామును ముగియునప్పుడు ఒక సంఖ్యను విడిచిపోవును. 0 అనగా జయము. 127 అనగా ఆ పేరుగల ఆజ్ఞ దొరకలేదని యర్థము. 137 అనగా దానిని బలవంతముగ చంపిరని. జ్ఞాపకశక్తి చాలనపుడు లినక్సు తఱచుగ నిట్లు చేయును. మా పుస్తకములో చెడిన రాత్రులందును 0 యే యుండెను. కాని దాని ప్రక్కగడి నిజము చెప్పెను: దరఖాస్తులు మిక్కుటమైన దినములందే మొదటి ప్రోగ్రాము 2 గంటల 30 నిమిషములు దాటి ముగియుచుండెను. అప్పటికే రెండవది వచ్చి, సగము వ్రాసిన ఫైలును పూర్ణమని నమ్మి చదువుచుండెను. దాని దృష్టిలో తప్పేమియు లేదు. అందుచే 0 అనెను.

రెండవదానిని 3 గంటలకు జరుపుమని ఒకరు చెప్పిరి. అది రోగమును వాయిదా వేయుటయే గాని మాన్పుట కాదు. మేము మూడు పనులు చేసితిమి. మొదటిది జయముతో ముగిసిన పిమ్మటనే రెండవది మొదలగునట్లు కట్టితిమి. ఫైలును వేఱుపేరుతో వ్రాసి, పూర్తియైన తరువాత అదే డిస్కులో అసలు పేరు పెట్టించితిమి. అందుచే చదువువానికి సగము ఫైలు ఎన్నడును కనబడదు. తుదకు దరఖాస్తుల సంఖ్యయు పేర్ల సంఖ్యయు సరిపోనిచో, 0 గాక వేఱు సంఖ్యతో ముగియునట్లు చేసితిమి. పిదప వేఱొక యంత్రముపై మిక్కుటమైన దరఖాస్తులు పోసి, పాత పద్ధతిలో లోపమును కావలెనని రప్పించి, క్రొత్త పద్ధతిలో రాకుండుట చూచితిమి. లోపమును పిలిచినపుడు రప్పింపగలిగినగాని అది పోయినదని చెప్పరాదు.

ఇట్టి లోపములకు వేఱు కారణములును కలవు. చేతితో వ్రాసినపుడు నడచు ఆజ్ఞ క్రాన్ చేతిలో నడవకపోవచ్చును. ఏలయన, ఆజ్ఞలను వెదకవలసిన చోట్ల పట్టిక క్రాన్‌కు మిక్కిలి కురుచ. డిస్కు నిండుటయు, నెట్‌వర్కు తెగుటయు కారణములు కావచ్చును. అనేకాజ్ఞలను గొలుసుగ కట్టినపుడు, సాధారణముగ కడపటిదాని సంఖ్యయే తెలియును. మొదటిదాని యపజయము మఱుగుపడును. దేనిని సందేహించినను, ఒకసారి ఒకదానినే మార్చవలెను. రెండు మార్చినచో, ఏది మందో తెలియదు.

పిమ్మట మేము పాత రాత్రుల దరఖాస్తులను జాబితాలతో ఒక్కొక్కటిగ సరిచూచితిమి. తప్పిపోయిన మఱికొన్ని పేర్లు దొరకెను. వారి తల్లిదండ్రులెవరును మాయొద్దకు వచ్చియుండలేదు. గడువు లోపల ఆ పేర్లన్నియు చేరినవి.