కావలివానికి కావలి
కంప్యూటర్ పర్యవేక్షణ ప్రోగ్రాములలోని లోపములు - వాని సవరణ

విశాఖపట్నమునకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన కొండను డాల్ఫిన్స్ నోస్ అందురు. ఆ కొండకు ఆవలి వైపున, మూడు దిక్కుల కొండలును నాలుగవ దిక్కున బంగాళాఖాతమును గల ఊరు యారాడ. కొండమీద దీపస్తంభము కలదు. రాత్రివేళ వచ్చు ఓడలలోని నావికులు ఆ వెలుగును చూచి తీరమును గుర్తింతురు. కొండకు ఉత్తరమున, దాని నీడలోనే, రేవులోనికి పోవు కాలువ ఉన్నది.

ఈ రేవు 1933లో ఓడల రాకపోకలకు తెరవబడినది. దానిని నిర్మించినవారికి ఎదురైన పెద్ద చిక్కు ఇసుక. నైరుతి ఋతుపవనముల కాలమున అలల తాకిడికి ఇసుక తీరము వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు కదలును. అది కాలువ నోటిని పూడ్చివేయును. దీనిని అరికట్టుటకై ఆ దినములలో రెండు పాత ఓడలను సముద్రములో ముంచి అడ్డుకట్టగా చేసిరి. అయినను ఇసుక రాక పూర్తిగా ఆగలేదు. నేటికిని డ్రెడ్జర్లతో పూడిక తీయుచునే ఉన్నారు. రేవు ఒకసారి కట్టి విడిచిపెట్టునది కాదు. దానిని నిత్యము కనిపెట్టి చూడవలెను. చెడిన చోట వెంటనే బాగు చేయవలెను.

నేడు రేవులు, ఉక్కు కర్మాగారములు, ఆసుపత్రులు, బ్యాంకులు కంప్యూటర్లపై ఆధారపడి నడచుచున్నవి. ఈ కంప్యూటర్లకును కావలి కావలెను. వాని లోపములకును సవరణ కావలెను. అయితే కావలి కాయు ప్రోగ్రాములోనే లోపము ఉన్నయెడల ఏమగును?

పర్యవేక్షణ ప్రోగ్రాము అనగా నేమి?

జ్వరము వచ్చిన రోగికి నర్సు గంటగంటకు ఉష్ణము, నాడి చూచి కాగితముపై వ్రాయును. వైద్యుడు ఆ కాగితమును చూచి వ్యాధి గతిని గ్రహించును. కంప్యూటర్ విషయమున ఈ పని చేయునదే పర్యవేక్షణ ప్రోగ్రాము. ప్రాసెసర్‌కు ఎంత పని ఉన్నది, మెమరీ ఎంత నిండినది, డిస్కు ఎంత వేగముగా వ్రాయుచున్నది, నెట్‌వర్కుపై ఎంత సమాచారము పోవుచున్నది అను సంగతులను అది నియమిత కాలములందు కొలిచి ఒక ఫైలులో వ్రాసి పెట్టును.

లైనక్స్ యంత్రములలో ఈ పనికి విరివిగా వాడబడునది సిస్‌స్టాట్ అను ప్రోగ్రాముల సముదాయము. దీనిని సెబాస్టియన్ గొదార్ అను నతడు ప్రారంభించెను. ఇది సాధారణముగా పది నిమిషములకు ఒకసారి కొలతలు తీయును. అనగా దినమునకు 144 మారులు. ఒక యంత్రము తెల్లవారుజామున మూడు గంటలకు ఎందుకు మందగించినదో మరునాడు తెలిసికొనుటకు ఈ ఫైలే ఆధారము.

లోపము ఎక్కడ?

2022 నవంబరులో సిస్‌స్టాట్‌లోని ఒక లోపము లోకమునకు వెల్లడి చేయబడినది. అట్టి లోపములకు గుర్తింపు సంఖ్యలు ఇచ్చు పద్ధతి కలదు. దీని సంఖ్య సి.వి.ఇ.-2022-39377. ఇది 32 బిట్ల యంత్రములకు సంబంధించినది. పాత కంప్యూటర్లలోను, పరిశ్రమలలో అమర్చు చిన్న కంప్యూటర్లలోను అట్టి ప్రాసెసర్లు ఇంకను కలవు.

ఈ లోపమును తెలిసికొనుటకు గుణకారము వచ్చిన చాలును. నాలుగు అంకెలు మాత్రమే పట్టు ఒక పలక ఉన్నదనుకొనుడు. దానిపై వ్రాయదగిన పెద్ద సంఖ్య 9999. దానికి ఒకటి కలిపిన 10000 రావలెను. కాని ముందున్న 1కి చోటు లేదు. కావున పలకపై 0000 మాత్రమే మిగులును. మోటారు బండిలో దూరమును చూపు మీటరు చివరి అంకెకు చేరి మరల సున్నలకు తిరుగుట ఇట్టిదే.

ఇపుడు ఈ పలకపై 401ని 25తో హెచ్చింపుడు. నిజమైన లబ్ధము 10,025. పలకపై కనిపించునది 0025. ఒక గిడ్డంగి గుమాస్తా ఈ పలకను నమ్మి 25 బస్తాలకు మాత్రమే చోటు కేటాయించి, తరువాత 10,025 బస్తాలను దింపించెననుకొనుడు. మిగిలిన 10,000 బస్తాలు ప్రక్కవారి చోటిలో పడును. అక్కడి సరకు చెడిపోవును.

32 బిట్ల కంప్యూటర్ పలక ఇంతకంటె చాల పెద్దది. దానిలో 0 మొదలు 4,29,49,67,295 వరకు సంఖ్యలు పట్టును. అయినను అదియు హద్దు గల పలకయే. 65,536ను 65,537తో హెచ్చించిన లబ్ధము 4,29,50,32,832. హద్దు దాటిన పిదప ఆ యంత్రమునందు మిగులునది 65,536 మాత్రమే.

సిస్‌స్టాట్ తన ఫైలును చదువునపుడు అందలి వివరములకు మెమరీలో చోటు కావలెను. ఎంత చోటు కావలెనో తెలిసికొనుటకు అది మూడు సంఖ్యలను హెచ్చించును. ఆ సంఖ్యలలో కొన్ని చదువబడుచున్న ఫైలు చెప్పిన లెక్కపై ఆధారపడును. దుర్బుద్ధి గలవాడెవడైన పెద్ద పెద్ద సంఖ్యలు వేసి ఒక ఫైలును తయారు చేసినయెడల, లబ్ధము హద్దు దాటి చిన్న సంఖ్యగా మారును. ప్రోగ్రాము చిన్న చోటు తీసికొని పెద్ద సరకు దింపును. ప్రక్క మెమరీ చెడును. అట్లు చెడినచోట పరుల ఆదేశములు నడచు అవకాశము కూడ కలదని ఆ ప్రకటన హెచ్చరించినది. కావలివాని ద్వారమే దొంగకు దారి యగుట ఇట్లు.

సవరణకే సవరణ

ఈ లోపమును 12.7.1 అను రూపములో సరిచేసిరి. చోటు అడుగుటకు ముందు లబ్ధము హద్దు దాటుచున్నదా అని పరీక్షించు భాగమును చేర్చిరి. పరీక్షకు 64 బిట్ల పెద్ద పలకను వాడిరి. ఇంతటితో కథ ముగిసినదని అందరును తలచిరి.

కాని 2023 మే నెలలో మరియొక సంఖ్య వెలువడినది: సి.వి.ఇ.-2023-33204. మొదటి సవరణ అసంపూర్ణమని దాని సారాంశము. కారణము ఆలోచింపదగినది. 32 బిట్ల సంఖ్యలు మూడింటిని హెచ్చించిన లబ్ధమునకు 96 బిట్ల వరకు కావలసి రావచ్చును. 64 బిట్ల పలకయు చాలదు. అనగా పరీక్షించు గుణకారమే హద్దు దాటినది!

దీనిని మరల చిన్న పలకతో చూడవచ్చును. నాలుగంకెల సంఖ్యలకు ఎనిమిది అంకెల పలకపై పరీక్ష జరుగుచున్నదనుకొనుడు. 1000ని 1000తోను, వచ్చిన దానిని మరల 1000తోను హెచ్చించిన 100,00,00,000 వచ్చును. ఇందులో పది అంకెలు కలవు. ఎనిమిది అంకెల పలకపై ఎనిమిది సున్నలు మాత్రమే కనిపించును. సున్న 9999 కంటె చిన్నది గదా! కావున పరీక్షలో ఉత్తీర్ణత.

మరి సరియైన ఉపాయమేమి? హెచ్చించుటకు మారుగా భాగించుట. 9999ని మొదటి సంఖ్యయగు 1000తో భాగించిన భాగఫలము 9. రెండవ సంఖ్య 9కి మించినయెడల, లబ్ధము హద్దు దాటునని హెచ్చింపకయే తెలిసిపోవును. మించనిచో మొదటి రెండింటి లబ్ధముతో 9999ని మరల భాగించి మూడవ సంఖ్యను చూడవలెను. భాగఫలము ఎన్నడును 9999ని మించదు. కావున ఏ పలకయు పొంగిపోదు. రెండవ సవరణలో అవలంబించినది ఈ మార్గమే. పాఠశాలలో నేర్చిన భాగహారము ఇక్కడ యంత్రములకు రక్షణ కల్పించినది.

ప్యాకేజీ - దానిపై ముద్ర

ప్రోగ్రాము రచయిత తప్పు దిద్దినంత మాత్రమున యారాడ కొండ క్రింద నున్న కంప్యూటర్ బాగుపడదు. ఆ సవరణ అక్కడికి చేరవలెను. డెబియన్, రెడ్ హ్యాట్, ఉబుంటు మొదలగు లైనక్స్ పంపిణీదారులు సవరించిన ప్రోగ్రామును, దానికి అవసరమగు ఇతర భాగముల జాబితాను, ఎక్కించు విధానమును కలిపి ఒక్క కట్టగా చేయుదురు. ఇదియే ప్యాకేజీ. యంత్రము ఆ కట్టను తెచ్చుకొని పాత దాని స్థానమున క్రొత్త దానిని ఉంచును.

ఒక్కొక్కపుడు పంపిణీదారులు క్రొత్త రూపమును పూర్తిగా ఇయ్యరు. పాత రూపములోనే ఆ ఒక్క తప్పును మాత్రము దిద్ది ఇత్తురు. ప్రధాన సంఖ్య మారదు; చివరనున్న చిన్న సంఖ్య మాత్రమే మారును. కావున ప్రధాన సంఖ్యను మాత్రమే చూచి 'ఇది పాతది, అపాయకరము' అని తేల్చుట సరి కాదు. పంపిణీదారుని ప్రకటనను చదువవలెను.

దారిలో ఎవరైన కట్టను విప్పి మార్చినయెడల? అందుకై ప్రతి ప్యాకేజీకి ఒక సారసంఖ్యను లెక్కింతురు. ఎస్.హెచ్.ఏ.-256 అను పద్ధతిలో ఇది 256 బిట్ల సంఖ్య. ప్యాకేజీలో ఒక్క అక్షరము మారినను సారసంఖ్య పూర్తిగా మారిపోవును. పంపిణీదారుడు రహస్యమైన తాళపుసంఖ్యతో దానిపై ముద్ర వేయును. రిజిస్టరు ఉత్తరముపై లక్కముద్ర చెదరినదో లేదో చూచినట్లు, యంత్రము ఈ ముద్రను సరిచూచిన పిదపనే ప్యాకేజీని స్వీకరించును.

ఆలస్యము, అపనమ్మకము

సవరణ ఉన్నను దానిని ఎక్కింపకున్న ఏమగునో 2017లో లోకము చూచినది. విండోస్‌లోని ఒక లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంవత్సరము మార్చి 14న సవరణను విడుదల చేసినది. మే 12న 'వన్నాక్రై' అను దుష్ట ప్రోగ్రాము ఆ లోపముగుండానే దేశదేశములకు ప్రాకినది. నడుమ 59 దినముల వ్యవధి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లును దీని వాత బడినవి. అట్టి జిల్లాలలో విశాఖపట్నము పేరును ఆనాటి పత్రికలు ప్రకటించినవి. సవరణను ఎక్కించిన యంత్రములలోనికి ఈ పురుగు ఆ దారిన చొరలేకపోయినది.

దీనికి మరియొక వైపు కూడ కలదు. 2017 జూన్ 27న 'నాట్‌పెట్యా' అను దుష్ట ప్రోగ్రాము వ్యాపించినపుడు ముంబయి చెంతనున్న జవాహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక టెర్మినల్ పని స్తంభించినది. ఈ ప్రోగ్రాము మొదట ఉక్రెయిన్‌లో ఒక లెక్కల సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన నవీకరణ రూపముననే ప్రవేశించినది. 2020 డిసెంబరులో బయటపడిన సంగతి ఇంకను విచిత్రము. ఓరియన్ అను ప్రసిద్ధ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ తయారగు చోటనే శత్రువులు చొరబడి నవీకరణలో తమ భాగమును చేర్చిరి. దానిపై కంపెనీ ముద్ర సక్రమముగానే ఉన్నది! సుమారు 18,000 సంస్థలు దానిని నమ్మి ఎక్కించుకొన్నవి. ముద్ర వలన కట్ట దారిలో మారలేదని మాత్రమే తెలియును. కట్టిన చోట కల్తీ జరుగలేదని తెలియదు.

ఇక కర్మాగారములకు వేరొక చిక్కు కలదు. విశాఖ ఉక్కు కర్మాగారము వంటి చోట కోకు కొలిమి బట్టీలు రాత్రింబగళ్లు వేడిగా ఉండవలెను. చల్లారనిచ్చిన గోడలు పగులును. వాని నడకను చూచు కంప్యూటర్లను తోచినపుడెల్ల ఆపి సవరింప వీలులేదు. తొందరపడి ఎక్కించిన సవరణ సరిగా పనిచేయకున్న నష్టము, ఎక్కింపకున్న అపాయము. అందువలన అనుభవజ్ఞులు సవరణను మొదట వేరొక యంత్రముపై పరీక్షింతురు. మరమ్మతులకు ఏర్పరచిన సమయమున అసలు యంత్రముపై ఎక్కింతురు. అంతవరకు ఆ యంత్రమును బయటి నెట్‌వర్కునుండి వేరుచేసి ఉంచుదురు. పాత రూపమునకు మరల వచ్చు మార్గమును సిద్ధపరతురు. పర్యవేక్షణ ప్రోగ్రామునకు అవసరమునకు మించిన అధికారము ఇయ్యకుండుట కూడ ఒక రక్షణయే.

మన దేశమున 2004 నుండి సెర్ట్-ఇన్ అను ప్రభుత్వ సంస్థ ఇట్టి లోపములను గూర్చి హెచ్చరికలు ప్రకటించుచున్నది. కంప్యూటర్లపై దాడి వంటి సంఘటనలను గుర్తించిన ఆరు గంటలలోగా తనకు తెలుపవలెనని 2022లో అది సంస్థలను ఆదేశించినది.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో కంప్యూటర్ లేకయే బోధింపవచ్చును. నల్లబల్లపై నాలుగు గడులు గీసి, అందులో పట్టిన అంకెలే లెక్కయని నియమము పెట్టి, విద్యార్థులచే గుణకారములు చేయింపవలెను. ఏ లబ్ధములు మోసగించుచున్నవో వారినే కనిపెట్టుమనవలెను. పిదప హెచ్చింపక, భాగహారముతోనే ఆ మోసమును ముందుగా పసిగట్టు విధమును చూపవలెను. పాఠశాలలో కంప్యూటర్ గది ఉన్నయెడల, ఒక్కొక్క యంత్రముపై ఏ ప్రోగ్రాములు ఉన్నవి, చివరి సవరణ ఏ తేదీన ఎక్కినది అను పట్టికను విద్యార్థులచే వ్రాయించి నెలకొకసారి సరిచూపించుట మంచి అభ్యాసము.

యారాడ కొండ ప్రక్కన కాలువలోని ఇసుకను ఒక ఏడు తీసినంతమాత్రాన మరుసటి ఏడు తీయవలసిన పని తప్పదు. సిస్‌స్టాట్ విషయమున మొదటి సవరణకు ఆరు నెలలలోనే రెండవ సవరణ కావలసి వచ్చినది. కంప్యూటర్ల క్షేమము కోరువారు సవరణను పండుగనాటి పనిగా గాక నిత్యకృత్యముగా చూడవలసి యున్నది.