పాత రికార్డులు, కొత్త హెడ్‌ఫోనులు

మాకు తెలిసిన పెద్దాయన ఒకరు చిన్నతనంలో కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు రేడియోలో విని మురిసినవారు. ఈ మధ్య మనుమడు ఆ పద్యాలనే పాత గ్రామఫోను రికార్డు నుంచి ఫోనులోకి ఎక్కించి, ఖరీదైన హెడ్‌ఫోను చెవులకు తగిలించాడు. ఆయన ఒక నిమిషం విని, "ఒరే, పద్యం వెనక ఎవరో పోపు పెడుతున్నార్రా!" అని తీసి పక్కన పెట్టారు.

హెడ్‌ఫోనులో లోపమేమీ లేదు. అది తన పని మరీ శ్రద్ధగా చేసింది. ఆ చిటపటలు రికార్డులో మొదటినుంచీ ఉన్నవే. ఆనాటి రేడియో వాటిని దాచిపెట్టింది, ఈనాటి హెడ్‌ఫోను బయటపెట్టింది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులను లక్కతో చేసేవారు. గట్టిదనం కోసం లక్కలో మెత్తని రాతిపొడి కలిపేవారు. ఉక్కు ముల్లు ఆ పొడి మీద రాసుకుంటూ పోవడం వల్ల పాట పొడుగునా ఎడతెగని బుస వినిపిస్తుంది. ఇక పాట సంగతి. 1925కు ముందు రికార్డింగుకు మైక్రోఫోను దాదాపు వాడేవారు కాదు. గాయకుడు ఒక పెద్ద బాకా ముందు నిలబడి పాడితే ఆ గాలి ఒత్తిడే మైనపు పలకపై గాడిని చెక్కేది. ఆ పద్ధతిలో సెకనుకు సుమారు మూడువేలకు మించిన కంపనాలు దాదాపు నమోదు కాలేదు. మైక్రోఫోను వచ్చాక ఈ హద్దు ఐదారు వేలకు పెరిగింది. పడుచువాని చెవి వినగల హద్దు మాత్రం ఇరవైవేలు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. పాట ఐదువేల కంపనాల వద్ద ఆగిపోయిందనీ, బుస మాత్రం సున్న నుంచి ఇరవైవేల వరకు సమానంగా పరచుకొని ఉన్నదనీ అనుకొందాం. అప్పుడు బుస శక్తిలో నాలుగింట ఒక వంతు మాత్రమే పాటతో కలిసి ఉన్నది. మిగిలిన మూడు వంతులు పాట బొత్తిగా లేనిచోట ఉన్నది! ఆ భాగాన్ని తగ్గించి వినిపించే సాధనం మనకు పద్యంలో ఒక్క అక్షరం కూడ నష్టపరచదు. మీడియం వేవు రేడియో సెట్లు ఐదువేలకు పైబడిన కంపనాలను చాలావరకు దాటనీయవు. పెద్దాయన చిన్నప్పటి ఆనందం వెనుక ఉన్న రహస్యం ఇదే.

నేటి హెడ్‌ఫోనులలో అనేకం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటాయి. ఆరువేల నుంచి పదివేల వరకు గల తారస్థాయిని కొంత ఎత్తి ఉంచితే దుకాణంలో విన్న మొదటి నిమిషంలో ధ్వని 'తళతళ'లాడుతుంది, సరుకు అమ్ముడుపోతుంది. అక్కడ ఆరు డెసిబెల్లు ఎత్తినా ఆ భాగంలో బుస శక్తి నాలుగింతలవుతుంది. మంచి రికార్డింగులో గజ్జెల మోతకు అందమిచ్చే ఆ ఎత్తే పాత రికార్డులో పోపు చిటపట అయింది.

కాబట్టి పాత పాటలకు కావలసిన హెడ్‌ఫోను ఐదారు వేల కంపనాల పైన నెమ్మదిగా, ఎత్తుపల్లాలు లేకుండా దిగిపోయేది. లోపాన్ని క్షమించే హెడ్‌ఫోను అంటే అదే. అయితే ఇక్కడ చాలామంది పొరపడతారు. మొద్దుగా మోగేదల్లా క్షమించేదే అనుకొని గొంగళి కప్పినట్లుండే దానిని కొంటారు. మాట తెలియడానికి ఆధారమైన హల్లుల స్పష్టత చాలావరకు వెయ్యి నుంచి నాలుగువేల కంపనాల మధ్య ఉన్నది. పాత టెలిఫోను 300 నుంచి 3400 వరకే మోసినా సంభాషణ సాగింది కదా! ఈ మధ్యభాగం కుంగితే బుసతోపాటు పద్యం కూడ పోతుంది. రాగం వినిపించి మాట వినిపించని పద్యం మనకెందుకు?

మంద్రస్థాయిని ఉబ్బించేవి కూడ ఈ పనికి రావు. బాకా కాలపు రికార్డులలో 150 కంపనాలకు దిగువ సంగీతం దాదాపు లేదు. ఉన్నది పళ్ళెం తిప్పే యంత్రపు గురగుర, దానికి తోడు యాభై కంపనాల కరెంటు రొద. వాటిని పెంచుకొని వినడానికి డబ్బు పోయనక్కరలేదు.

అసలు ఏదీ కొనకముందే చేయదగిన పని ఒకటున్నది. ఆనాటి రికార్డులో ఉన్నది ఒకే ధ్వని; కాని స్టీరియో ముల్లుతో ఎక్కించినప్పుడు కుడి ఎడమలకు రెండు ప్రతులు వస్తాయి. పాట రెండింటిలో ఒక్కటే, బుస మాత్రం దేనికది వేరు. రెండింటినీ కలిపి 'మోనో'గా మార్చితే పాట ఆరు డెసిబెల్లు పెరుగుతుంది, బుస సుమారు మూడే పెరుగుతుంది. పైసా ఖర్చులేని లాభం ఇది. చాలా ఫోనులలో ఇందుకు మీట ఉన్నది.

హెడ్‌ఫోను క్షమించలేనివి కూడ ఉన్నాయి. ముల్లు అరగదీసిన గాడిలో గొంతు పైకి పోయినప్పుడల్లా గరగర వస్తుంది. అది పక్కన చేరిన బుస కాదు. వంకరపోయిన తరంగం నుంచి పుట్టిన కొత్త స్వరాలు పాట మధ్యలోనే కలిసిపోయాయి. దాన్ని తీయబోతే గొంతు కూడ పోతుంది.

దుకాణానికి వెళ్ళేటప్పుడు దుకాణదారు వినిపించే పాటను నమ్మక, మీ పాటల్లో అన్నిటికన్నా చెడ్డదాన్ని వెంట తీసుకొని వెళ్ళండి. ధ్వని తగ్గించి పావుగంట వినండి. స, శ, ష లు చెవిని కోయకూడదు, అలాగని వాటి మధ్య తేడా పోకూడదు. చెవులు అలసిపోతే అది మీకు తగినది కాదు. బుస మధ్య మాట పట్టుకోవడానికి ధ్వని పెంచుతూ పోవడం చెవికి ప్రమాదం కూడ: ఎనభై డెసిబెల్లయితే వారానికి నలభై గంటలు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది; మోత పెరిగినకొద్దీ ఆ గడువు తరిగిపోతుంది.

"ఇంత బాధ ఎందుకు, కంప్యూటరుతో బుసను కడిగివేస్తే పోదా?" అని కొందరంటారు. వినడానికి చేసుకొన్న నకలును కడగండి, తప్పులేదు. అసలు ప్రతిని మాత్రం బుసతో సహా అలాగే ఉంచండి. కడిగినప్పుడు బుసతోపాటు ఏ హల్లు కొట్టుకుపోయిందో ఆ రోజు తెలియదు, ఆ లక్కపలక పగిలిన తరువాత మళ్ళీ ఎక్కించుకొనే వీలుండదు. పెద్దాయన మనుమడు ఇప్పుడు రెండు ఫైళ్లు ఉంచుతున్నాడు. ఒకటి తాతకు, ఒకటి బీరువాకు.